నున్నటి ముంజేయి

చెల్లాయికి అన్నయ్య దీవెనలు.

ఇంత చిన్న సంగతికి కార్డెందుకని ఊరుకోబోయాను. ఊరుకోవడం మన ఇంటా వంటా లేదు కదా! స్వెట్టరు కొనుక్కోమని నువ్వు పంపిన డబ్బుతో బజారుకు బయల్దేరి, కొండలెక్కేవాళ్ల సామాన్ల కొట్లో దూరాను. అక్కడొక మడతకత్తి ఉంది. దాని ధరకు రెండు స్వెట్టర్లొస్తాయి.

"జీవితాంతం ఉంటుంది తాతగారూ," అన్నాడు కొట్టతను.

"ఎవరి జీవితం బాబూ, దానిదా నాదా?" అన్నాను.

అతను నవ్వి, పదును చూపించడానికి తన ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు గీకాడు. తోటల్లో మొక్కలకు అంట్లు కట్టబోయే ముందు నాన్న రోజూ తన చాకు పదును అలాగే చూసుకునేవాడు, గుర్తుందా? ఒక చెయ్యి ఎలుగుబంటిది, రెండోది నున్నగా ఉండేది. "నాన్నా, ఈ చెయ్యి అమ్మదా?" అని నువ్వడిగితే, "అవునే, ఎరువు తెచ్చుకున్నా, మళ్లీ ఇచ్చెయ్యాలి," అనేవాడు.

ఇక బేరమాడటానికి నాకు నోరు రాలేదు. నేనెక్కే కొండ మా మేడమెట్లే, కోసేది జామపండే. వంటింటి చాకు చాలదా అంటావు. చాలు. అయినా, తక్కువైంది నా చేతి డబ్బు వేసి కొన్నాను.

ఈ మాట బావతో అనకు. పాత శాలువా ఏదైనా ఉంటే పంపు. నీ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు ముద్దులు.

పొద్దున ఎడమ ముంజేతి మీద అరచేయంత మేర గీక్కున్నాను. అక్కడ కాస్త చలేస్తోంది.