తల ఉన్న పుల్లలు

విరుదునగర్,
1934 మార్చి 12.

కొలంబో రేవులో పనిచేస్తున్న లక్ష్మణసామి అన్నగారికి, కోవిల్‌పట్టి బడిపంతులు రంగరాజన్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన మర్యాద. ఇక్కడ కుశలం లేదు గనుక ఆ మాట వదిలేశాను.

మీ అమ్మాయి చిన్నతాయి పదకొండు రోజులుగా ఇక్కడి ఆసుపత్రిలో ఉంది. ప్రాణభయం లేదంటున్నారు. కాలిన కుడిచేతి వేళ్లు రెండు అతుక్కుపోయాయి, ఇక విడదీయలేరట. మీ ఇల్లాలు పట్టమ్మాళ్ పక్కనే కూర్చుని విసురుతోంది.

ఆమెకు చదువు రాదు గనుక మీ ఉత్తరాన్ని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ మేస్త్రీ మీ వీధిలో పదిమంది ముందు చదివాడు. దొంగపిల్ల ఉన్న ఇంటి గడప తొక్కనని రాశారు. ఆ మహానుభావుడు ఆ ఒక్క వాక్యం రెండుసార్లు చదివాడు. ఎల్లుండి పిల్లను తీసుకుపొమ్మన్నారు ఆసుపత్రివాళ్లు. “ఆయన ఇట్ల రాసినంక దీన్ని యాడికి తోడుకోని పోయేది సామీ?” అని పట్టమ్మాళ్ నన్నడిగింది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆదివారాలు ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లలకు మా అరుగుమీద చదువు చెబుతాను. అక్షరాలకు ఎవరూ రారు; బొమ్మలు నడిపిస్తానంటే పన్నెండుమంది వచ్చారు. మందు అద్దని వట్టి పుల్లలను కాగితంమీద మనిషిలా పేర్చి, చుట్టూ పెన్సిలుతో గీయాలి. ఇంకో కాగితంమీద కాలిపుల్ల కాస్త జరిపి మళ్లీ గీయాలి. అలా ఇరవై కాగితాలు కుట్టి, అంచును బొటనవేలితో జారవిడిస్తే మనిషి నడుస్తాడు. మిగతా పిల్లలు కేకలు పెట్టారు. మీ అమ్మాయి మాత్రం, వాడు ఓడ దిగి వస్తున్న నాయన అంది. ఆపైన “తల లేకుంటే నాయనకి దోవ ఎట్ల తెలుస్తుంది వాద్దియారే?” అని, పంతులునని కూడా చూడకుండా నన్ను నిలదీసింది.

ఆ గురువారం పని వదిలే వేళ, పావడ మొలలో దోపుకున్న గుప్పెడు మందుపుల్లలు అక్కడున్న అగ్గిపెట్టె పక్కనుండే గరుకు మందుకు రాసుకుని అంటుకున్నాయి; లాగి పారేయబోతే చెయ్యి కాలింది. తానే తీశానంటోంది, ఎందుకో చెప్పదు.

అన్నా, పదేళ్ల పిల్ల. ఇంటికి తీసుకురమ్మని ఒక్క ముక్క రాయండి. మీ కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
మీ మేలు కోరే
రంగరాజన్

తా.క. ఈ ఉత్తరం కవరులో పెట్టి అంటించాను. మళ్లీ చింపాను. మందుపుల్ల తడిపి కాగితంమీద ఒత్తితే బొమ్మకు ఎర్రగా తల పడుతుంది, ఫ్యాక్టరీ నుంచి ఒక గుప్పెడు పట్టుకురా అని చెప్పింది నేను. పిల్ల జంకితే, గుప్పెడు పుల్లలు ఎవరడుగుతారులే అన్నాను. ఫ్యాక్టరీ మేనేజరు వచ్చి అడిగినప్పుడు నాకేమీ తెలియదన్నాను, బడిలో ఉద్యోగం పోతుందని. ఎల్లుండి మీ వీధిలో పదిమంది ముందు ఈ మాట చెబుతాను. అప్పటికి ధైర్యం ఉంటుందో ఉండదో, అందుకే ముందు మీకు రాసేశాను. నిన్న చిన్నతాయి నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది, “మీ పేరు చెప్పలేదు వాద్దియారే, భయపడొద్దు” అని.