సున్నాలూ గళ్ళూ

తెనాలి,
18-11-1968.

మామయ్యకు కుసుమకుమారి నమస్కారాలు.

ఇక్కడ అమ్మ, అమ్మమ్మ, నేను క్షేమం. బాపట్లలో మీ వరి ఫారం కోతలు మొదలయ్యాయా? పెళ్ళయి ఆరు నెలలైనా భర్తకి రాసే ఉత్తరంలో మామయ్య అనే రాస్తున్నాను. చెయ్యి మరోలా తిరగడం లేదు.

మా బి.ఎ. వాళ్ళకి కూడా ఈ ఏడు జీవశాస్త్రం ఒక పేపరుగా పెట్టారు. కాన్వెంటులో సిస్టర్లు పువ్వు దాకా చెప్పి పుస్తకం మూసేవారు. ఇక్కడ ప్రమీల మేడం మూయరు. మొన్న ఎవరి వంశం వాళ్ళని బోర్డు మీద గీయమన్నారు. ఆడవాళ్ళకి సున్నా, మగవాళ్ళకి గడి. అందరి గీతలూ కిందికి విడిపోతూ వచ్చాయి. నావి మళ్ళీ మళ్ళీ కలిశాయి. పెద్దమ్మ తన మేనమామని చేసుకుంది, నేను మిమ్మల్ని. "ఏంటే కుసుమా, మీ ఇంట్లో బయటి సంబంధానికి తలుపే లేదా?" అంది కనకదుర్గ. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత పుట్టుకతో లోపం ఉన్నవాళ్ళని సుద్దతో నింపమన్నారు. రేపల్లెలో పెద్దమ్మ పిల్లలిద్దరినీ, ఆ వినపడని వాళ్ళని, నింపాను. మేడం ముఖం మారింది. కొన్ని లోపాలు తల్లిలోనూ తండ్రిలోనూ కనపడకుండా దాగి ఉంటాయట. ఒకే రక్తం వాళ్ళయితే ఇద్దరిలోనూ అదే ఉండే వీలు ఎక్కువట. రెండూ కలిస్తే బిడ్డలో బయటపడుతుందట. తప్పక వస్తుందని కాదు, రాదనీ చెప్పలేమన్నారు.

ఇంటికొచ్చి అమ్మమ్మని అడిగాను. పెద్దమ్మ కడుపుతో ఉండగా గ్రహణం పూట కత్తిపీట ముట్టుకుందనీ, చదువు నా బుర్ర తినేస్తోందనీ అంది. అమ్మ మాత్రం బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"ఈ మాట మీ మామయ్యకి రాయకు" అంది.

రాస్తున్నాను. మీరు కొత్త వరి విత్తనం తీసే మనిషి. దసరాకి వచ్చినప్పుడు, బయటి పుప్పొడి పడకుండా కంకికి సంచి కడతామనీ, అప్పుడే గింజ తల్లిలా వస్తుందనీ చెప్పారు. మేలు నిలిచినట్టే కీడూ నిలుస్తుందా? మీకు ముందే తెలుసా? తెలిసే ఒప్పుకున్నారా? కోపం కాదు. భయం. పుస్తకం ఎక్కడ తెరిచినా ఆ పేజీయే వస్తోంది.

ఆదివారం రాగలరా?

మీ
కుసుమ

తా.క. పరీక్ష కోసం అడుగుతున్నాననుకునేరు. నాకు నెల తప్పింది. అమ్మకింకా చెప్పలేదు. ఇప్పటికి చెవులు పూర్తిగా ఏర్పడి ఉండవని పుస్తకంలో చదివాను. అయినా పొద్దున రేపల్లె బండి కూత పెడితే, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోతున్నాను.