పిట్టగోడ దగ్గర సుజాత

ఆదివారం రాత్రి

పొద్దున పత్తర్‌గట్టిలో సలీం భాయ్ స్టూడియోకి నా ఫోటోలు తీసుకెళ్లాను. ఈ వారమంతా హుస్సేనీ ఆలంలోని మా ఇంటి మేడ మీద నుంచి తీసినవి. అన్నింట్లోనూ ఆకాశం, మినార్లు, ఇళ్ల కప్పులే. ఆయన ఒక్కొక్కటీ నిదానంగా చూశారు. "మస్తు సాఫ్‌గ ఉన్నయమ్మా. కానీ ఆకాశం ఎంత పెద్దగున్నదో ఎట్ల తెలుస్తది? ఒక మనిషన్న ఉండాలె," అన్నారు. తర్వాత ఒక ఫోటో అంచు మీద వేలు పెట్టి, "గీ చెయ్యి ఎవరిది? సగంల కోసినవెందుకు?" అని అడిగారు.

అది మా తోటికోడలు సుజాతది. అప్పుడు బట్టలు ఆరేస్తోంది. వంటలు వేరుపడ్డప్పటి నుంచి, అంటే ఏడాదిగా మా మధ్య మాటల్లేవు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

సాయంత్రం మేడెక్కితే ఆమె అక్కడే బట్టలు ఆరేస్తోంది. కెమెరా సర్దుతున్నట్టు చాలాసేపు తచ్చాడాను. వెలుగు తగ్గిపోతోంది. చివరికి, "సుజాతా, జర ఆ పిట్టగోడ కాడ నిలబడ్తవా?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. "నేనా? ఏంది అక్కా, గిప్పుడా?" అంటూనే వెళ్లి నిలబడింది.

ఏడాది తర్వాత విన్న ఆ అక్కా అన్న పిలుపుకి, కెమెరా కుదురుగా పట్టుకోకముందే నొక్కేశాను. ఫోటోలో ఆమె ముఖం అలికినట్టు వచ్చింది. ఆకాశం మాత్రం మొదటిసారి నిజంగా పెద్దగా కనిపించింది. ఆమె దగ్గరికొచ్చి తెర మీద చూసి, "నా మొకమే కనవడ్తలేదు," అంది.

రేపు మళ్లీ తీస్తానన్నాను. ఆమె ఖాళీ బకెట్ తీసుకుని మెట్లు దిగిపోయింది.