కోల్మన్ గేటు దగ్గర కార్డులు

చిరంజీవి గ్రానియాకు,

నాన్న దీవెనలు. ఇక్కడ నేను క్షేమం, పిల్లి క్షేమం. మీ అమ్మ సమాధి దగ్గర గడ్డి మొన్ననే కోయించాను. డబ్లిన్‌లో నువ్వూ క్షేమమేనని పేపర్లో నీ ఫోటో చూసి తెలుసుకున్నాను. కాస్త చిక్కావు.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. వరసగా జవాబు రాస్తాను. నలభై ఏళ్ళు బడిపంతులుగా బతికినవాడికి ఇంకో పద్ధతి చేతకాదు.

ఊళ్ళో నీ సీరియల్ చూస్తున్నారా అన్నావు. ఆదివారం సాయంత్రమైతే వీధిలో కుక్క కూడా కనపడదు. నువ్వు రాసిన పడవవాడు కోల్మన్ కోసం ఏడవని ఇల్లు లేదు. తాగి, తుఫాను హెచ్చరికను లెక్కచేయక పడవ తీశాడనీ, ఇద్దరి ప్రాణాలు తీశాడనీ వెలివేశారు కదా, చెయ్యని తప్పుకి. “పాపం, ఒక్కడైనా వాడి మాట విన్నాడా” అని ఫిలొమీనా తన రొట్టెల కొట్లో కూర్చుని కళ్ళొత్తుకుంటుంది. ఆ ఫిలొమీనాయే నలభై ఆరేళ్ళుగా మన పాత పడవవాడు ఆంబ్రోస్‌కి రొట్టె చేతికివ్వదు. బల్లమీద పెట్టి అటు తిరుగుతుంది. ఫాదర్ డెవాన్ అయితే కోల్మన్ మీద ఏకంగా ప్రసంగమే చేశాడు. చర్చిలో మూడో వరసలో ఆంబ్రోస్‌కి అటూ ఇటూ ఎప్పటిలాగే రెండేసి చోట్లు ఖాళీ.

తన కథేనని ఆంబ్రోస్ పోల్చుకున్నాడా అన్నది నీ రెండో ప్రశ్న. షూటింగుకి అతని ఇల్లే అడిగి తీసుకున్నావు, పోల్చుకోక ఏం చేస్తాడు? కానీ సంగతి అంతకన్నా ముదిరింది. ఈ ఆదివారం వచ్చే చివరి భాగంలో కోల్మన్ సముద్రంలోకి నడిచిపోతాడని పేపర్ల వాళ్ళు ముందే రాసేశారు. మన ఆడవాళ్ళు ఊరుకుంటారా? చనిపోయినవాళ్ళ ఇంటికి పంపినట్టే, ఆత్మశాంతికి పూజ చెప్పిస్తామని ఫాదర్ సంతకంతో కార్డులు తీసుకున్నారు. కోల్మన్‌కి నా అన్నవాళ్ళు లేరు కదా, ఎవరికి పంపాలి? టీవీలో కనిపించే గేటు దగ్గర పెట్టి వచ్చారు. వాళ్ళకి ఆ గేటు కోల్మన్‌ది. లోపల బతికున్నవాడు ఎవరికీ గుర్తు రాలేదు.

మంగళవారం పొద్దున వెళ్ళాను. ఆంబ్రోస్ ఆ కార్డులన్నీ పొయ్యి పైన అరమీద నిలబెట్టాడు, క్రిస్మస్‌కి పెట్టుకున్నట్టు.

“రండి మాస్టారూ. జలుబైనా చెయ్యలేదు, నా ఆత్మకి ఇన్ని పూజలా” అన్నాడు.

“అవి నీకు కావయ్యా. చించి పొయ్యిలో పడెయ్.”

“చించుతానా? ఫిలొమీనా చేత్తో రాసిన మాట మాస్టారూ ఇది. చూడండి, ‘మంచివాడు’ అని రాసింది.” కార్డు మళ్ళీ అరమీద నిలబెట్టి, మామూలుగానే అన్నాడు. “బతికుండగా అనలేదు. ఆదివారం కోల్మన్ పోయాక ఊరంతా మోకాళ్ళమీద ప్రార్థనలో ఉంటుంది. పోవడానికి దానికంటే మంచి రోజు నాకెక్కడ దొరుకుతుంది?”

అతనిచ్చిన టీ అక్కడే పెట్టేసి లేచాను.

మూడో ప్రశ్న: అసలు ఆంబ్రోస్ ఇన్నేళ్ళూ నోరెందుకు విప్పలేదు? దీనికి జవాబు నా దగ్గరే ఉంది. నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది.

ఆ రోజుల్లో ఊరికంతటికీ బళ్ళో ఒక్కటే ఫోను. తుఫాను కబురొస్తే మాస్టరు రేవుకి వెళ్ళి నల్లజెండా ఎక్కించాలి. ఆ మధ్యాహ్నం కబురొచ్చింది. నేనొక నవల చివర్లో ఉన్నాను. ఇంకో ఇరవై పేజీలు అనుకున్నాను. నేను రేవుకి చేరేసరికి ఆంబ్రోస్ పడవ, అందులో గాలన్ అన్నదమ్ములిద్దరూ, దీవికి సగం దూరంలో ఉన్నారు. అప్పుడు జెండా ఎక్కించాను. అన్నదమ్ములిద్దరూ మునిగిపోయారు, ఆంబ్రోస్ ఒక్కడే ఒడ్డుకొచ్చాడు. విచారణలో, ముందే ఎక్కించానని చెప్పాను. అతని దగ్గర సారా వాసన వచ్చిందని కూడా చెప్పాను. అది ఎవరూ అడగలేదు, నేనే కలిపాను. మాస్టరు మాటకి పడవవాడి మాట ఎదురు నిలవదని అతనికి తెలుసు. ఒకసారి చెప్పాడు, నవ్వారు, మానేశాడు.

నీ సీరియల్లో అబద్ధమాడే రేవు గుమాస్తాని ఊహించి రాశానన్నావు. వాడు అబద్ధానికి ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. అది నా అలవాటమ్మా. నీకు తెలియకుండానే నీ చేతికొచ్చింది.

ఆంబ్రోస్ ఇంట్లోంచి తిన్నగా ఫిలొమీనా కొట్టుకి వెళ్ళాను. అయిదారుగురు ఉన్నారు. జెండా సంగతి, సారా సంగతి అంతా చెప్పేశాను. ఫిలొమీనా బల్ల దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“మాస్టారూ, మీ అమ్మాయి సీరియల్ మీ తలకెక్కింది. ఆ గుమాస్తాగాడి పాపం మీరెందుకు నెత్తినేసుకుంటారు?”

“సీరియల్ కాదమ్మా, ఆంబ్రోస్ గురించి చెప్తున్నాను.”

“ఆ తాగుబోతుని కోల్మన్‌తో పోలుస్తారేమిటి? కోల్మన్‌ది వెన్నలాంటి మనసు. కూర్చోండి, కాసిని నీళ్ళు తాగండి.”

ఫాదర్ డెవాన్ కూడా అంతే. చదువుకున్నవాళ్ళకి ముసలితనంలో ఇలాంటివి మామూలేనట. వీళ్ళనందరినీ పేరుపేరునా తిట్టి రాయాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. సగంలోనే ఓపిక పోయింది. వాళ్ళని నమ్మించింది నేను. బాగా నమ్మించాను.

చివరి భాగం రికార్డింగ్ అయిపోయింది, మార్చడం నీ చేతిలో లేదని ముందే రాశావు. అందుకని మార్చమనను. దీంతో పాటు నా సంతకంతో ఒక కాగితం పెట్టాను, విచారణలో ఏం చెప్పానో, నిజమేదో. నా మాటకి ఇక్కడ విలువ పోయింది, నీ మాటకి ఉంది. ఆదివారంలోగా నువ్వే వచ్చి ఫిలొమీనా బల్లముందు నిలబడి దీన్ని చదువు. శనివారం బస్సుకి వచ్చినా చాలు.

ఈ ఉత్తరం నీకు ఆలస్యంగా అందుతుందేమో. అందుకే ఈ సాయంత్రం మళ్ళీ ఆంబ్రోస్ దగ్గరికి వెళ్ళి, “ఆదివారం చివరి భాగం నీ ఇంట్లోనే చూస్తాను” అన్నాను. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. “రండి మాస్టారూ. కుర్చీ ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోండి” అన్నాడు.

తలుపుకి అడ్డంగా వేసుకుంటాను. నాకు డెబ్భై తొమ్మిది, అతనికి డెబ్భై నాలుగు. అతనివి ఇంకా తెడ్డు వేసే చేతులే. కుర్చీతో సహా నన్నెత్తి పక్కన పెట్టగలడు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
నాన్న, మాలకీ