ఒకే బట్టలో కలిసిన ఉల్లి విత్తనం

అమ్మా, మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగపడకు.

ఉల్లి విత్తనం దగ్గరే నాకేమీ పాలుపోవడం లేదు. నువ్వు చెప్పినట్టే పోయినేడు దాచిన మంచి గడ్డలు నాటాను, బంతుల్లా గుండ్రంగా పూశాయి. పక్క మడిలో ఈ ఏటి నారు కూడా కొంత, గడ్డ ఊరకముందే పూతకొచ్చింది. దాని విత్తనం మాత్రం ఉంచొద్దన్నావు. నేను ఆస్పత్రికి వెళ్లొచ్చేసరికి, నువ్వింకా పలకరించని నీ అల్లుడుగారు రెండు మళ్లవీ కోసేసి, ఒకే బట్టలో నలిపి, చెరిగి పెట్టారు. గడియారాలు బాగుచేసే మనిషికి పైరు సంగతేం తెలుసు? "అన్నీ నల్లగా ఒక్కలాగే ఉన్నాయి కదే" అన్నారు. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, తిట్టడానికి నోరు రాలేదు.

నీ డబ్బాలో కొత్త విత్తనం ఉందా? పాతది పంపకు, ఏడాది దాటితే మొలవదుగా. మోకాలి నొప్పి తగ్గిందా? పెరటి తలుపు గడియ నాన్న బాగుచేయించారా?

తొందరపడి పూసినదాని విత్తనం కూడా తొందరపడుతుందన్నావు. అది ఉల్లి గురించేనా? నీతో చెప్పకుండా పెళ్లి చేసుకున్నదాన్ని, నాకిప్పుడు ఐదో నెల. ఈ విత్తనం చల్లమంటావా, పారెయ్యమంటావా? కార్డులో తేలేది కాదు. నాన్నకు నా దండాలు చెప్పి, ఒకసారి నువ్వే వచ్చి చూసి చెప్పు.

నీ చిన్నది