తమ్ముడి చెవి అచ్చు

ఫిబ్రవరి 3

ఈ ఇంట్లో చెవులున్నది నాకొక్కదానికే. మిగతావాళ్ళకు ఉన్నవి కళ్ళజోడు తగిలించుకోవడానికి.

ఆడియో పిచ్చివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇవాళ ఒకాయన ఇయర్‌ఫోన్ కేబుల్ మార్చాడట. రాగిది తీసి వెండిది వేశాడట. వెయ్యగానే గాయని పెదవుల తడి కూడా వినిపించిందట. దానికి అందరూ చప్పట్లు. ఇంకొకాయన ఇయర్‌ఫోన్ వెనకాల ఉన్న చిన్న రంధ్రం మీద టేపు ముక్క అంటించి, ఫొటో పెట్టి, దాన్ని మాడ్ అన్నాడు, అంటే వస్తువును మెరుగుచేశాడట. వీళ్ళకు నేను టేపు డాక్టర్లని పేరు పెట్టుకున్నాను. ఒక్కడూ సోల్డరింగ్ ఐరన్ పట్టి ఎరగడు. ఇస్తే ఏ చివర పట్టుకుంటాడో చూడాలని ఉంది.

పగలు ఆఫీసులో కూర్చుని కరెంటు బిల్లుల్లో ఎవరెవరో చేసిన తప్పులు దిద్దుతాను. సాయంత్రం ఇంటికొచ్చి స్టోర్ రూంలో ఇన్-ఇయర్ మానిటర్లు చేస్తాను. ఒక్క మనిషి చెవికే ఒదిగేలా, రెజిన్‌తో, లోపల కందిగింజంత స్పీకర్లు పెట్టి. అమ్మ దృష్టిలో మొదటిదే పని. రెండోది గోళ్ళరంగు వాసన.

ఫిబ్రవరి 6

తమ్ముడు స్టోర్ రూం గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాడు. చెయ్యి తగిలి ఏదైనా పడిపోతుందని భయం. ఒకసారి పడేశాడు కూడా.

వాళ్ళ ఆర్కెస్ట్రాలో మెయిన్ సింగర్ మానేశాడట. లీడర్ వీడిని పిలిచి, ఇన్నాళ్ళూ కోరస్‌లో ఉన్నావుగా, రాబోయే ప్రోగ్రాముల్లో ముందు నిలబడు, శ్రుతి నిలిస్తే మైకు నీదే, తప్పితే మళ్ళీ వెనక్కే, ఇంక నన్ను అడగొద్దు అన్నాడట. స్టేజి మీద డ్రమ్స్ హోరులో వీడి గొంతు వీడికే వినపడదట. అందుకని, అక్కా, నాకో జత చేసిపెట్టవా అన్నాడు. నోట్లో నాలుక లేనివాడు. ఈ ఒక్క మాట అడగడానికి ఎంతసేపు గుమ్మం ముందు తచ్చాడాడో.

ఆ లీడర్‌ను నేను చూశాను. కీబోర్డు వాయిస్తూ వాచీ చూసుకుంటాడు. మిక్సర్ ముందు కూర్చునే మనిషికి తెలిసిందల్లా అన్నిటినీ పైకి తొయ్యడం. వాళ్ళ మధ్య నిలబడి వీడు పాడాలి. వీడికి పాట తప్ప ఇంకేమీ రాదు. చేరిన ఉద్యోగమల్లా మానేశాడు. ఇది కూడా పోతే వాడికి ఏం మిగులుతుందో నాకు తెలియదు.

చేస్తానన్నాను.

ఫిబ్రవరి 9

చెవి అచ్చు తీశాను. ముందు దారం కట్టిన స్పాంజి ముక్కను చెవిలోకి నెట్టాలి, అచ్చు తీసే మెత్తటి పుట్టీ అంతకు మించి లోపలికి పోకుండా. తర్వాత పుట్టీ కలిపి సిరంజితో చెవి నింపాలి. అది గట్టిపడేదాకా మనిషి బొమ్మలా కూర్చోవాలి. కూర్చోవడం గాడిదకు కూడా చేతనవుతుంది.

వీడికి కాదు. చల్లగా ఉందక్కా అన్నాడు. నీళ్ళలో మునిగినట్టుంది అన్నాడు. ఆ తర్వాత కూనిరాగం మొదలుపెట్టాడు. ఎడమ అచ్చు మీద గీతలు పడ్డాయి. పారేసి మళ్ళీ తీశాను. ఈసారి ముందే చెప్పాను, నోరు మూసుకో, పళ్ళు బిగించు, దవడ కదిలిందో చెవి మెలిపెడతాను అని. మూసుకున్నాడు. పుట్టీ బయటికి తీసేదాకా ఊపిరి కూడా నన్ను అడిగి పీల్చేలా కూర్చున్నాడు.

ఫిబ్రవరి 10

అచ్చులు చూసుకుంటే నాకే ముచ్చటేసింది. చెవిలోని మలుపులన్నీ దిగాయి. టేపు డాక్టర్లు కలలో కూడా ఇలాంటిది తియ్యలేరు.

ఫిబ్రవరి 16

షెల్స్ పోశాను, అంటే చెవిలో ఒదిగే డొల్లలు. రెజిన్ పోసి, యూవీ లైటు కింద పెట్టి, అంచు గట్టిపడగానే నడుమ మిగిలిన పచ్చి రెజిన్ ఒంపెయ్యాలి. క్షణం ఆలస్యమైతే లోపల బోలు ఉండదు, రాయి అవుతుంది. నాది రాయి కాలేదు. లోపల స్పీకర్లు, సన్నటి గొట్టాలు, వెంట్రుకకన్నా కాస్త లావుండే వైర్లు.

ఆఫీసులో పక్క సీటావిడ నా వేళ్ళకు అంటిన రెజిన్ చూసి ఏమిటని అడిగింది. చెప్పాను. అయితే చెవుడు మిషన్లా, మా మామగారికి ఒకటి చేసిపెట్టండి అంది. ఆవిడ బిల్లులన్నీ రేపు రెండోసారి చూస్తాను.

ఫిబ్రవరి 18

తమ్ముడిని కుర్చీలో కూర్చోబెట్టి పాట వినిపించాను. కళ్ళు మూసుకున్నాడు. బేస్ గిటార్ కడుపులో మోగుతోందని సైగ చేసి చూపించాడు. వెనక అమ్మ మిక్సీ వేసింది. వాడికి తెలియనే లేదు.

తీసేసరికి కళ్ళలో నీళ్ళు. చెమట తుడుచుకోకుండా పెట్టుకోకు, పాడైపోతాయి అని చెప్పి పంపించాను.

ఫిబ్రవరి 22

ఏదో కంపెనీ వార్షికోత్సవం. వెనక వరసలో కూర్చున్నాను. జనం సగం మంది ఫోనుల్లో, సగం మంది ప్లేట్లలో.

తమ్ముడు మొదట్లో బాగానే ఉన్నాడు. గొంతు పెంచాల్సిన చోటు వచ్చేసరికి ముఖం మారింది. చెవిలో వేలితో ఒత్తుకున్నాడు. మళ్ళీ ఒత్తుకున్నాడు. శ్రుతి పక్కకు జరిగింది. లీడర్ వాచీ వదిలి వీడి వైపు చూశాడు. చివరికి వీడు ఎడమది పీకేసి మెడ మీద వేలాడేసుకున్నాడు. నేను చేసిన దాన్ని. అంతమంది ముందు.

ఫిబ్రవరి 23

పాడుతుంటే పోతోందక్కా అన్నాడు. బేస్ మాయమై, డ్రమ్స్ చెవిలోకి దూసుకొస్తున్నాయట. పాట ఆపి, మ్యూజిక్ వచ్చే చోట మళ్ళీ చక్కగా వినిపిస్తుందట. పాడితే పోతుంది, ఆపితే వస్తుంది. నేను చేసింది ఇయర్‌పీసా, అలిగే పెళ్ళామా?

దారిలో మిక్సర్ మనిషిని నిలదీశాను. కొత్త వస్తువు కదమ్మా, నాలుగు రోజులు పోతే అలవాటవుతుందిలే అన్నాడు. కాలికి చెప్పు కరిచినట్టు చెప్పాడు.

ఫిబ్రవరి 25

మొత్తం విప్పాను. వైర్లు చూశాను. సాకెట్ మళ్ళీ సోల్డర్ చేశాను. గొట్టాల్లో శబ్దాన్ని మెత్తబరిచే డ్యాంపర్లు మార్చాను. కుర్చీలో కూర్చోబెట్టి వినిపించాను. బాగుందన్నాడు. మరి స్టేజి మీద ఏం రోగం అన్నాను. తల దించుకున్నాడు.

ఇంక నాకు అనుమానం లేదు.

మార్చి 1

మళ్ళీ అదే. ఈసారి రిసెప్షన్. రెండో పాటకే రెండూ పీకేశాడు. పెళ్ళికొడుకు స్నేహితులు నవ్వారు. ఇంకొక్క ప్రోగ్రాం చూస్తాను, పదిహేనో తారీఖున, అంతే అని లీడర్ చెప్పాడట.

ఇంటికొచ్చి, అక్కా, నీ దాంట్లోనే ఏదో ఉంది అన్నాడు. మొదటిసారి నా మొహం మీద అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే అన్నాను. వస్తువు బాగానే ఉంది, లేనిది నీ గొంతులోనే, కోరస్‌లో పదిమంది మధ్య దాక్కుని పాడావు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అమ్మ గిన్నెలు కడగడం ఆపేసింది.

వాడు చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు కూడా మెల్లగానే వేశాడు.

మార్చి 2

తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. హాయిగా ఉంది.

మార్చి 4

హాయిగా ఏమీ లేదు.

మార్చి 5, సాయంత్రం 6

నా జత పెట్టుకుని మొన్నటి రిసెప్షన్ రికార్డింగ్ వింటున్నాను. వాడు ఎక్కడెక్కడ శ్రుతి తప్పాడో రుజువుతో సహా చూపిద్దామని. నాదీ నా చేత్తో, అదే పద్ధతిలో చేసుకున్నదే.

అమ్మ గుమ్మంలో నిలబడి ఏదో అంటోంది. ఒకటి తీసి విన్నాను. తనకు కోరసే చాలని వాడు రేపు లీడర్‌కు చెప్పేస్తాడట. వాడు పాడుకుంటే నీకేం పోయిందే, చేతులారా వాడి నోరు నొక్కేశావు అంది. నాకు ఒళ్ళు మండింది. తీసింది మళ్ళీ చెవిలో పెట్టేసుకున్నాను, ఆవిడ మాట వినదలుచుకోలేదని తెలియాలిగా. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా అని అందుకుని అరవడం మొదలుపెట్టాను.

అరుస్తుంటే బేస్ పోయింది.

ఆపాను. వచ్చింది. మళ్ళీ అరిచాను. పోయింది. అమ్మను తిట్టడం సగంలో వదిలేసి ఉత్తి నోరు తెరిచాను. పోయింది. మూశాను. వచ్చింది. చేపలా అలా తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను. అమ్మ కోపం మరిచిపోయి, దవడ పట్టేసిందా ఏంటే అని దగ్గరికొచ్చింది.

దవడ చెవి పక్కనే ఉంటుంది. నోరు తెరిస్తే చెవిలోపలి దారి వెడల్పవుతుంది. పళ్ళు బిగించి తీసిన అచ్చు మూసిన నోటికే సరిపోతుంది. నోరు తెరవగానే సందు పడుతుంది. ఆ సందులోంచి బేస్ బయటికి, స్టేజి హోరు లోపలికి. ఊరికే కూర్చుని వినేవాళ్ళకు ఇది ఎప్పటికీ తెలియదు. ఇవి పెట్టుకుని నేను ఎవరితోనూ మాట్లాడను. నాకూ తెలియలేదు.

పాడేవాడికి నోరు మూయించి అచ్చు తీశాను. వాడికి గొంతు లేదన్నాను.

రాత్రి 8

గ్రూపులో వెతికాను. ఎప్పుడో ఒక టేపు డాక్టర్ రాశాడు. పాడేవాళ్ళకైతే పళ్ళ మధ్య ఏదైనా పెట్టి, నోరు తెరిపించి అచ్చు తియ్యాలి అని. దాని కింద పగలబడి నవ్వే బొమ్మ ఒకటుంది. పెట్టింది నేనే.

సిగ్గేసింది. ఇంతగా ఇంతకుముందు ఎప్పుడూ వేసినట్టు గుర్తులేదు.

మార్చి 6

పొద్దున్నే వాడు ఫోన్ తీసేలోపు ఎదురుగా వెళ్ళి, లీడర్‌కు అప్పుడే ఏమీ చెప్పకు, కొత్త అచ్చు తియ్యాలి, రేపు సాయంత్రం కూర్చో అన్నాను. ఎందుకన్నాడు. అంతకు ముందుది సరిగ్గా రాలేదు అన్నాను. నేను సరిగ్గా తియ్యలేదు అనలేదు. నోటి దాకా వచ్చింది, అక్కడే ఆగింది.

వాడి చెయ్యి మళ్ళీ ఫోన్ మీదికే పోయింది. అమ్మ వెనకనుంచి, కూర్చోరా, నాకోసం అంది. కూర్చుంటానన్నాడు. అమ్మ కోసమట.

మార్చి 7

దారపు రీలు ఒకటి శుభ్రంగా కడిగి పళ్ళ మధ్య నిలువుగా పెట్టాను. రెండు చెవుల నిండా పుట్టీ. మాట్లాడలేడు, వినలేడు. ఒక పక్కనుంచి చొంగ కారుతోంది. అలాంటి మనిషి ముందు నాకు భయమేమిటి?

చెప్పేశాను. తప్పు నాదేరా, నీ గొంతులో ఏ లోపమూ లేదు, నా చేతిలో ఉంది అన్నాను. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది అన్నాను. నువ్వు కూనిరాగం తీస్తే మొదటి అచ్చు పాడైందని పారేశాను, పాడేవాడి చెవి కదులుతుందని అప్పుడైనా తోచలేదు నాకు అన్నాను. నువ్వు బాగా పాడతావు అని కూడా అన్నాను. వాడికి వినపడదు కాబట్టే ఇన్ని అన్నాను.

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతసేపు నోరు తెరిచి కూర్చుంటే ఎవరికైనా తిరుగుతాయి.

మార్చి 14

జత పూర్తయింది. ఆఫీసుకు సెలవు పెట్టాను. పక్క సీటావిడ ఒంట్లో బాగాలేదా అని ఫోన్ చేసింది. బాగానే ఉంది, ఈసారి నా తప్పు దిద్దుకోవడానికి తీసుకున్నాను అన్నాను. ఆవిడకేం అర్థమైందో దేవుడికెరుక.

ఈసారి కుర్చీ వెయ్యలేదు. తమ్ముడిని హాల్లో నిలబెట్టి, చెవుల్లో మ్యూజిక్ పెట్టి, పాడి చూడు అన్నాను. మెల్లగా మొదలుపెట్టాడు. నోరు తెరిచి పాడరా, పక్కింటివాళ్ళు చస్తే చచ్చారు అన్నాను. పాడాడు. అమ్మ మిక్సీ వేసింది, టీవీ పెట్టింది, నేను మూకుడు మీద గరిటెతో వాయించాను. వాడు ఆగలేదు. చెవి దగ్గరికి చెయ్యి పోలేదు. ఇంట్లో ఇంత గొంతు ఉందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఎందుకంటే వాడు ఎప్పుడు ఎత్తుకున్నా నేను తలుపు వేసుకునేదాన్ని.

బేస్ పోలేదక్కా అన్నాడు. ఇన్ని రోజుల తర్వాత వాడు నాతో అన్న మొదటి మంచి మాట అది.

మార్చి 16

నిన్నటి ప్రోగ్రాం. మైకులు వేరు, మనుషులు వాళ్ళే. మిక్సర్ మనిషి అన్నిటినీ పైకే తోశాడు. డ్రమ్స్ మోత నా పళ్ళలో తెలిసింది. మొదటి పాటలో వీడు పై స్థాయికి వెళ్ళేటప్పుడు నేను తల వంచేసుకున్నాను. చూడలేకపోయాను. వినడం మాత్రం ఆపలేను కదా.

నిలిచింది. ఆ పాటా నిలిచింది, దాని తర్వాతదీ నిలిచింది. ముందు వరసలో ఫోన్లు కిందికి దిగాయి. రెండు ఇయర్‌పీసులూ చివరిదాకా వాడి చెవుల్లోనే ఉన్నాయి.

లీడర్ ఈ నెలాఖరు నుంచి మైకు వీడిదే అన్నాడట. నా దగ్గరికి కూడా వచ్చి, మావాడు అప్పుడు కంగారుపడి ఉంటాడు, ఇప్పుడు సర్దుకున్నాడు అని నాకే విడమరిచి చెప్పాడు. వాడు కంగారుపడలేదండీ, నేను అచ్చు తప్పు తీశాను అన్నాను. ఆయన వాచీ చూసుకున్నాడు. అర్థం కాలేదు. కాకపోయినా ఫరవాలేదు.

మార్చి 18

రెండోసారి అచ్చు తీసిన సాయంత్రం నేనన్న మాటల గురించి తమ్ముడు ఇంతవరకు ఏమీ అడగలేదు. నిన్న మాత్రం స్టోర్ రూంలోకి వచ్చి, స్టూలు లాక్కుని, నా పక్కన కూర్చున్నాడు.

పుట్టీ శబ్దాన్ని తగ్గిస్తుంది. పూర్తిగా ఆపదు. తెలిసే మాట్లాడాను.