దారం కట్టిన పరుపు

ఆదివారం

చలిచీమకు,
అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మంచులో వాడే గాలి పరుపు కొనాలి, ఏది కొనాలో చెప్పమన్నావు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకే ఓపిగ్గా చెప్పి పంపుతాను, చెల్లెలికి చెప్పనా? అయితే నువ్వు అడిగిన తీరు బాగాలేదు. "అన్నిటికంటే మందంది, అన్నిటికంటే వెచ్చంది, ఎంత బరువైనా సరే" అని రాశావు. అలా అడిగేవాళ్ళు మా షాపుకు రోజుకు ఇద్దరైనా వస్తారు. ఆ బరువు మోయాల్సింది తమ వీపేనన్న సంగతి కొండ ఎక్కేదాకా వాళ్ళకు గుర్తు రాదు.

షాపు వెనక గదిలో కూర్చుని చిల్లులు పడ్డ పరుపులు బాగుచేసేవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. మంచు మీద డేరా వేసుకుంటే చలి పైనుంచి కంటే కిందినుంచే ఎక్కువ పడుతుంది. స్లీపింగ్ బ్యాగు ఎంత మంచిదైనా నీ ఒంటి కింద నలిగి అట్టలా అయిపోతుంది. అక్కడ నిన్ను కాపాడాల్సింది పరుపే. ఉత్త గాలి పరుపు అందుకు చాలదు, లోపలి గాలి కదులుతూ నీ వేడిని నేలకు అప్పజెప్పేస్తుంది. అందుకని మంచి రకాల్లో దూదిలాంటి పొరో వెండిరంగు రేకు పొరో పెడతారు. పరుపు చలిని ఎంతవరకు ఆపుతుందో చెప్పడానికి ఒక అంకె వేస్తారు. ఉత్త గాలి పరుపుకు ఒకటి, మహా అయితే ఒకటిన్నర. మామూలు చలికి మూడు, నాలుగు కావాలి. మంచు మీదికి అయిదు ఉండాలి. ఎనిమిది దాకా కూడా దొరుకుతాయి, అవి కిలో పైనే తూగుతాయి.

అంకె ఒక్కటే చూసి కొనకు. పక్కకు తిరిగి పడుకునేవాళ్ళకు నాలుగు వేళ్ళ మందం ఉండాలి, లేకపోతే తుంటి నేలకు తగులుతుంది. కాళ్ళ దగ్గర సన్నగా కత్తిరించినవి తేలిగ్గానే ఉంటాయి కానీ మోకాళ్ళు బయట పడతాయి. రేకు పొర ఉన్నవి కదిలినప్పుడల్లా చిప్స్ పొట్లంలా గలగలమంటాయి, పక్కవాళ్ళ చేత తిట్లు తినాలి. నోటితో ఊదకు. ఊపిరిలోని తేమ లోపల చేరి పరుపు పాడవుతుంది. గాలి నింపడానికి పరుపుతో పాటే ఒక సంచి ఇస్తారు, దాంతో నింపు. ఇంకో మాట. సాయంత్రం నింపిన గాలి చలికి ముడుచుకుని పరుపు మెత్తబడుతుంది. అది చిల్లు కాదు. చిల్లేనని నమ్మి పరుపు మోసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు సగం మంది. సబ్బునీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు రావడం లేదు చూడండి అంటే, చిల్లు పడనందుకు బాధపడతారు.

ఇంతకీ ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్ని రోజులో రాయలేదు. ఎటు తిరిగి పడుకుంటావో కూడా రాయి. కొండల పైనుంచి ఎవరో తెచ్చిన మంచు దిమ్మల్ని కింద లాబులో కూర్చుని పరీక్షించేదానివి, ఉన్నట్టుండి నీకు పరుపెందుకని మీ వదిన అడుగుతోంది. నేనూ అడుగుతున్నాను.

ఇట్లు,
అన్నయ్య


బుధవారం

చెల్లీ,

నీ జవాబు వచ్చింది. నలభై రోజులు, ఆరుగురు మనుషులు, మంచు మీదే మకాం, మంచు లోతు కొలిచే పని. డేరాలు ఆఫీసు ఇస్తుంది, పరుపులు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. పక్కకు తిరిగి పడుకుంటావు. ఇవన్నీ అర్థమయ్యాయి. మీ పెద్ద సార్ ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ పిలిచాడని, శుక్రవారం లోపు అవునో కాదో చెప్పాలని రాశావు. "ఎనిమిది అంకె పరుపు, దాని కింద రెండు ఫోమ్ షీట్లు వేసినా నాలాంటిదానికి చాలదనిపిస్తే మొహమాటపడకుండా చెప్పన్నయ్యా, రానని చెప్పేస్తాను. నా ఒంటి సంగతి నీకంటే ఎవరికి తెలుసు" అని ముగించావు. ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. నిన్నటినుంచి అక్కడే ఉన్నాను.

ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఫోన్లో అయితే మధ్యలో ఏదో హాస్యమాడి మాట దాటేస్తాను. పదకొండేళ్ళుగా చేస్తున్నది అదే.

మనిద్దరం కొండెక్కిన ఏడాది ఈ ఉద్యోగమే నీకు మొదటిసారి వచ్చింది. చేరేముందు కాస్త అలవాటు చేసుకుంటానని నన్ను తోడు రమ్మన్నావు. పరుపులు మా షాపులో అద్దెకిచ్చేవాటిలోంచి నేనే తెచ్చాను. రెండూ నీలం రంగువే, ఒకే కంపెనీవే, బయటికి ఏ తేడా తెలియదు. ఒకదాంట్లో లోపల పొర ఉంది. ఇంకోదాంట్లో ఉత్త గాలి. ఆ వారం పొర ఉన్నది ఒక్కటే మిగిలింది. అద్దె పరుపులు కలిసిపోకుండా పొర ఉన్నవాటి వాల్వుకు నేను నల్ల దారం కడతాను. ఆ గుర్తు సంగతి నాకూ మా ఓనరుకూ తప్ప ఎవరికీ తెలియదు. డేరాలో పరుపులు పరుస్తుంటే నువ్వు దారం చూసి "ఇదేంటన్నయ్యా?" అన్నావు. "నాదని గుర్తులే" అన్నాను. దాన్ని నా వైపు లాక్కున్నాను.

అది పొరపాటు కాదు. తెలిసే చేశాను. నడుము పట్టేసింది, బరువంతా నేనే మోశాను, చెల్లి వయసులో ఉంది, ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పొద్దున నీ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, టీ కప్పు పట్టుకోలేకపోయావు. అప్పుడైనా చెప్పాల్సింది. ఇంకా రెండు రోజులు ఉండాల్సినవాళ్ళం, పరుపులు మార్చుకుంటే సరిపోయేది. నోరు రాలేదు. "నీకు చలి పడదే, పద దిగిపోదాం" అన్నాను. దిగొచ్చాక ఇంట్లో అందరి ముందూ నీకు చలిచీమ అని పేరు పెట్టింది నేనే. అందరూ నవ్వారు, నువ్వూ నవ్వావు. ఎవరూ ఇంకేమీ అడగకుండా ఉండాలని పెట్టిన పేరు అది. నెల తిరక్కుండా నువ్వు కొండ మీది ఉద్యోగం వద్దని రాసిచ్చి లాబులో చేరావు. అప్పుడూ నోరు విప్పలేదు. పైగా మంచి పని చేశావని మెచ్చుకున్నాను.

కాబట్టి నీకు చెప్పాల్సిన పరుపు ఇది. ఆ రాత్రి నీ కింద ఉన్నది ఒకటి అంకెది. దాని మీద ఎవరు పడుకున్నా వణికేవాళ్ళే, నేనైతే ఏడ్చేవాణ్ణి. నీకు ఎనిమిది అక్కర్లేదు. అయిదు అంకెది, అర కిలో బరువు, నాలుగు వేళ్ళ మందం, కాళ్ళ దగ్గర కూడా వెడల్పు తగ్గనిది చాలు. కింద ఒక్క ఫోమ్ షీట్ వేసుకో. అది నీ ఒంటికోసం కాదు, పరుపుకు చిల్లు పడితే ఆసరాకు మంచు మీదికి వెళ్ళే ప్రతివాళ్ళూ వేసుకునేదే. అలాంటిది ఒకటి ఎంచి, తొట్టిలో రెండుసార్లు ముంచి చూసి, పక్కన పెట్టాను. మీ సార్‌కు అవుననే చెప్పు.

నిన్న మీ వదినకు చెప్పాను. కూరగాయలు తరుగుతూ అంతా వింది. "నాతో ఎందుకు చెప్తున్నారు? తనతో చెప్పండి" అంది.

నాకు సిగ్గుగా ఉంది. నువ్వేమంటావోనని భయంగా కూడా ఉంది.

అన్నయ్య


శనివారం

అన్నయ్యకు,

నీ ఉత్తరం గురువారం లాబుకు వచ్చింది. నిలబడే చదివాను. చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళాను. అప్పటికి అక్కడ పని ఉంది కాబట్టి వెళ్ళాను, ఇంకేమీ కాదు.

కోల్డ్ రూమ్ గురించి నీకెప్పుడూ చెప్పలేదు. పైనుంచి వచ్చిన మంచు దిమ్మలు అందులో పెడతాం. సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంటుంది. దిమ్మలు కోసి, తూచి, నంబర్లు వేయాలి. నాతో పనిచేసే పొడుగాయన పావుగంటకోసారి బయటికి పరుగెత్తి హీటరు దగ్గర చేతులు కాచుకుంటాడు. ఇద్దరికీ ఇచ్చింది ఒకే రకం కోటు. నేను గంట, గంటన్నర ఉండి ఆయన దిమ్మలు కూడా కోసేసి వస్తాను. అదే నేను ఇంటికొచ్చి, ఎవరైనా ఫ్యాను వేస్తే శాలువా కప్పుకుంటాను. పదకొండేళ్ళు ఈ రెండు పనులూ రోజూ చేశాను, రెండూ ఒకే ఒంటితో చేస్తున్నానని ఒక్కసారీ తట్టలేదు. నా ఉద్యోగమేమో కొలతలు తీసుకోవడం. బయటికొచ్చి పొడుగాయనను అడిగాను, నాకు చలి ఎక్కువని మీకెప్పుడైనా అనిపించిందా అని. "మీకా? అసలు మీరు మనిషేనా అని అనుకుంటుంటామండీ మేము" అన్నాడు.

పరుపు విషయం నాకు అంత పట్టింపు లేదు. నీ నడుము నొప్పి నిజమే, బరువు మోసిందీ నువ్వే. అడిగితే దారం ఉన్నది నేనే నీకిచ్చేదాన్ని. ఒక్క రాత్రి వణికాను, కిందికి దిగి వేడినీళ్ళు పోసుకుంటే తగ్గిపోయింది. ఆ పేరు మాత్రం తగ్గలేదు. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ నన్ను ఆ పేరు చెప్పే పరిచయం చేసేది. ఎవరు ఎక్కడికి రమ్మన్నా నాకంటే ముందు మీరంతా "దానికి చలి పడదు" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు మీకు ఆ శ్రమ లేకుండా నేనే అనడం మొదలుపెట్టాను. దీనికి నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు, తెలిసిన రోజు రాస్తాను. ఈలోగా నువ్వు చేయాల్సింది ఒకటుంది. అమ్మకు నువ్వే చెప్పాలి. వదినకు చెప్పినట్టు వంటింట్లో మెల్లిగా కాదు. పేరు పెట్టిన రోజు ఎంతమంది ఉన్నారో అంతమందిని కూర్చోబెట్టి చెప్పు.

నిన్న పొద్దున సార్ దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టాను. ఆయన నా పేరు జాబితాలో చేర్చి, ఇరవయ్యో తారీకు బయల్దేరాలి, రెండు జతల బూట్లు తెచ్చుకోండి అన్నాడు. పదకొండేళ్ళ కింద ఎందుకు రాలేదని అడుగుతాడేమోనని జవాబు తయారు చేసుకుని వెళ్ళాను. అడగలేదు.

నువ్వు పక్కన పెట్టిన పరుపు నాకు వద్దు. కోపంతో కాదని రాద్దామనుకున్నాను, కానీ కొంచెం కోపంతోనే. మా ఆఫీసు వీధి చివర షాపులో కొనుక్కున్నాను. అంకె, మందం, కాళ్ళ దగ్గర వెడల్పు, గలగల, నువ్వు రాసినవన్నీ అడిగాను. నీకు నీ పని బాగా వచ్చు, అది ఒప్పుకుంటాను. షాపు ఆవిడ నాలుగు పరుపులు నింపి వరుసగా నేలమీద పరిచి, ఒక్కోదాని మీద కాసేపు పడుకుని చూడమంది. చెప్పులు విప్పి, బ్యాగు తల కింద పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళ మధ్య పడుకున్నాను. మూడోదాని మీద పక్కకు తిరిగి ఉండగా ఆవిడ ఒక కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది. ఎన్ని రోజులో, ఎంత ఎత్తులో అడిగి రాసుకుంది. తర్వాత "మీకు చలి ఎక్కువాండీ, మామూలా? ఎక్కువైతే లోపల ఇంకో రకం ఉంది, తెస్తాను" అంది.

పాత జవాబు నోటిదాకా వచ్చింది. ఆవిడ నన్ను తొందర పెట్టలేదు, పెన్ను పట్టుకుని నిలబడి ఉంది.

"మామూలేనండీ" అన్నాను. ఆవిడ రాసుకుంది.

నీ చెల్లెలు